జేబక్క చెప్పిన సున్నా

ఆ వీధిలో ఆమెను అందరూ జేబక్క అంటారు. పాత వాల్వు ఆంప్లిఫయర్లు బాగుచేసే కొట్టు ఆమెది. పనిలో వేసుకునే నీలం కోటుకు ఎడమవైపు లోతైన జేబు ఒకటి కుట్టించుకుంది. కరెంటున్న పెట్టె లోపలికి కుడిచెయ్యి వెళ్ళిందంటే ఎడమచెయ్యి ఆ జేబులోకి వెళ్ళాల్సిందే. రెండు చేతులూ లోపల పెడితే ఒక చేతిలోంచి ఎక్కిన కరెంటు గుండె మీదుగా రెండో చేతిలోకి దిగుతుంది. ఆమెకు పని నేర్పిన మేనమామ అరచేతి మీద అడ్డంగా ఒక కాలిన మచ్చ ఉండేది. ఆయన బతికాడు కానీ ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు.

కొట్టులో ఆమెతో పాటు పనిచేసేది సొంత తమ్ముడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు. తల నెరుస్తున్నా వేళాకోళం మానలేదు. "మా అక్క ఇంట్లో లైటు స్విచ్చుని కూడా బతిమాలుకుని గానీ నొక్కదు" అని పక్కకొట్టు తాళాలవాడితో చెప్పి నవ్వుతుంటాడు. వాడి పిచ్చి వాడిది. ఏ పెట్టె వచ్చినా తుప్పు గీకి, రంగు పూసి, పైన వార్నిష్ కొట్టి తళతళలాడించందే వాడికి నిద్రపట్టదు. ఆ వాసనకు ఆమెకు తలనొప్పి. అయినా వాడి చేతిపని చూసి లోలోపల మురిసిపోతుంది.

ఆ రోజు బల్ల మీదున్నది ఒక సినిమాహాలు ఆంప్లిఫయరు. హాలు మూతపడ్డాక దాని ఆపరేటరు ఇంటికి తెచ్చుకున్నాడు. మూగబోయిన పెట్టె గొంతు మళ్ళీ వినాలని పాపం ఆయన ఆత్రం, సాయంత్రం వస్తానని కబురు చేశాడు. అక్కాతమ్ముళ్ళు పెద్ద వాల్వులు తీసి పక్కన పెట్టి, కరెంటు ఇచ్చి చూశారు. మీటరు సూది నాలుగువందల ఓల్టులు దాటి నిలబడింది. అంతా సవ్యంగానే ఉంది, ఎర్తు తీగ అతుకు ఒక్కటే వదులుగా ఉంది.

ఆమె స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, తన కళ్ళెదురుగా పెట్టుకుంది. ప్లగ్గు పీకినంత మాత్రాన పెట్టె చచ్చిపోదు. డబ్బాల్లాంటి పెద్ద కండెన్సర్లు కరెంటును కడుపులో దాచుకుని కూర్చుంటాయి. వాల్వులుంటే కాస్త తాగేసేవి, ఇప్పుడు అవీ లేవు. అందుకని రెసిస్టెన్సు కట్టిన తీగతో ఆ కరెంటును దించెయ్యాలి. ఒక కొస పెట్టె ఇనుముకు, రెండో కొస కండెన్సరుకు. దిగిందో లేదో మీటరు చెబుతుంది. ఇంతసేపూ మీటరు ఎర్రతీగ కండెన్సరు మీద, నల్లతీగ ఆ ఎర్తు అతుకు మీద ఉన్నాయి. తమ్ముడికి అడ్డమని ఆమె నల్లతీగను తీసి, దించే తీగతో పాటు పెట్టె మూలనున్న బోల్టుకు తగిలించింది. సూది చూసింది.

"సున్నా," అంది.

ఆమె అనడమే ఆలస్యం, తమ్ముడు ఎడమచేత్తో పట్టకారు తీసుకుని ఎర్తు తీగ పట్టుకున్నాడు. పిడికి తొడుగు ఊడిపోయిన పట్టకారు అది, మార్చమని ఆమె మొత్తుకుంటూనే ఉంది. లోపల రాలిన సీసం ముక్క ఏరెయ్యడానికి కుడిచెయ్యి కూడా పెట్టాడు.

ఆమె టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. అప్పుడు తట్టింది. సూది దిగడం తను చూడలేదు. పెద్ద కండెన్సరు ఒక్కసారిగా ఖాళీ కాదు, సూది బద్ధకంగా కిందికి జారాలి. ఇది బోల్టుకు తగిలించినప్పటినుంచీ సున్నా మీదే పడుకుని ఉంది. మూలనున్న బోల్టు వైపు చూసింది. బోల్టు మీద కూడా వార్నిష్ మెరుస్తోంది.

వార్నిష్ లోంచి కరెంటు పోదు. దించే తీగ ఏమీ దించలేదు, మీటరు ఏమీ చూడలేదు. కండెన్సరు నిండుగా ఉంది, తమ్ముడి వేళ్ళు దాని మొనకు బియ్యపుగింజంత దూరంలో ఉన్నాయి.

అరిస్తే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే చెయ్యి ఎటు పోతుందో తెలియదు. నోటిదాకా వచ్చిన కేకను మింగేసి, రోజూ పిలిచే గొంతుతోనే అంది: "తమ్ముడూ, టీ చల్లారిపోతోంది. ముందు కుడిచెయ్యి బయటికి తియ్యి, మెల్లిగా."

"ఉండక్కా, ఈ ముక్క ఒక్కటి..."

"ముక్క ఎక్కడికీ పారిపోదు. చెయ్యి నేరుగా పైకి తియ్యి నాన్నా."

చిన్నప్పుడు జ్వరమొస్తేనే ఆమె వాణ్ణి నాన్నా అనేది. వాడు కదలకుండా ఆగాడు. తర్వాత చెయ్యి నిటారుగా పైకి లేపాడు. పట్టకారు బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాడు.

ఆమె ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తో నల్లతీగను బోల్టు మీంచి తీసి ఎర్తు తీగ రాగికి తగిలించింది. సూది ఒక్క గెంతున పైకి పోయింది. దించే తీగ కూడా అక్కడికే మార్చింది. సూది దిగినంతసేపూ ఇద్దరూ దాన్నే చూశారు.

అప్పుడు ఆమెకు కోపం ముంచుకొచ్చింది. "రెండో చెయ్యి పెట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! నా మాటంటే నీకు లెక్కేలేదా?"

తమ్ముడి మొహం పాలిపోయి ఉంది. "నువ్వు సున్నా అన్నావు కదక్కా," అన్నాడు. "నువ్వు సున్నా అన్నాక నేనెప్పుడూ మీటరు వంక చూడలేదు."

ఆమె స్టూలు మీద కూలబడింది. ఇన్నేళ్ళూ తన భయాన్ని ఎగతాళి చేసినవాడు, ఆ భయాన్ని నమ్ముకునే రెండు చేతులూ లోపల పెడుతున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆపరేటరు వచ్చాడు. ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తమ్ముడు చాకు తీసుకుని, తను ముచ్చటపడి కొట్టిన వార్నిష్‌ను బోల్టు మీంచి తనే గీకాడు. ఆమె నల్లతీగను ఆ బోల్టుకు తగిలించి పక్కకు జరిగింది.

"ఈసారి నువ్వు చూసి చెప్పు."

వాడు ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని వంగి చాలాసేపు చూశాడు. "సున్నా," అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని, వచ్చి తనూ చూసింది.