పది పాయింట్ల లోపు గెలుపు

మొన్న శనివారం సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో మనవరాలి బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి ఎప్పటిలాగే నారింజపండ్లు ముక్కలు కోసి డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. నా పక్క కుర్చీలో ఒక పిల్ల తండ్రి, మనవాడే, కూతురు బంతి పట్టుకుని పరుగెడుతుంటే కూడా తల ఎత్తకుండా ఫోన్‌లో ఏదో దూరదేశపు కాలేజీ మ్యాచ్ చూసుకుంటున్నాడు. ఏమిటి బాబూ అంత శ్రద్ధ అంటే, "గెలవడం డౌటే లేదాంటీ, ఎంత మార్జిన్ అన్నదే టెన్షన్" అన్నాడు నవ్వుతూ. ఆ మాటకి పాతికేళ్ళు గిర్రున వెనక్కి తిరిగి, ఒక చలికాలపు మధ్యాహ్నం, చెక్క నేలమీద బూట్ల కీచుమన్న చప్పుడుతో సహా, కళ్ళముందు నిలబడింది.

అసలు నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. చిన్నతనంలో ఉబ్బసం వల్ల ఇంటిపట్టునే ఉండిపోతే, గుంటూరు జిల్లాలో ఒక మిషన్ కాలేజీకి బాస్కెట్‌బాల్ కోచ్‌గా ఉన్న మా నాన్నగారే నాకు అక్షరాలూ లెక్కలూ బైబిలూ నేర్పారు, వాటితో పాటు తనకు ప్రాణమైన ఆ ఆట చరిత్రనూ కలిపేసి చెప్పేవారు. క్రైస్తవ యువకులకు వ్యాయామం నేర్పే ఒక బడిలో, మంచు కురిసే రోజుల్లో నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి పుట్టిన ఆటట అది. మొదట్లో పీచ్‌పళ్ళ బుట్టలు గోడకి కొట్టి, బంతి పడ్డప్పుడల్లా నిచ్చెనెక్కి తీసేవారట. తర్వాత కాలేజీలన్నీ దాన్ని ఎత్తుకున్నాయి, కోచ్‌లు పుట్టుకొచ్చారు. అయినా చాలాకాలం ఆట మధ్యలో కోచ్ నోరు విప్పకూడదనే నియమం ఉండేదట. నేర్పవలసింది ముందే నేర్పాలి, ఆపైన పిల్లలను నమ్మి కూర్చోవాలి అని దానికి నాన్నగారు మురిసిపోయేవారు. న్యూయార్క్ కాలేజీ కుర్రాళ్ళ సంగతికి వచ్చేసరికి మాత్రం ఆయన గొంతు తగ్గిపోయేది. జూదగాళ్ళు వాళ్ళని ఓడిపొమ్మని కూడా అడగలేదట. గెలవండి, కాకపోతే కాస్త తక్కువ తేడాతో గెలవండి అన్నారట. అందులో తప్పేముందనుకున్న ఆ పిల్లలు పోలీసులకు చిక్కి, అటు ఆటకీ ఇటు చదువుకీ కాకుండా పోయారట.

ఆ కథ నాకు సిడ్నీలో అక్కరకొస్తుందని కలలో కూడా అనుకోలేదు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా హడలిపోయిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను వెతికి సరిచేసే పనిమీద మావారు వచ్చారు, వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాట్‌లో కాపురం పెట్టాం. కొన్నాళ్ళకి మా మరిది కూడా చదువుకని వచ్చి, నాన్నగారి దగ్గర ఆట నేర్చుకున్నవాడే కనుక, యూనివర్సిటీ జట్టులో చోటు సంపాదించాడు. కోచ్ ముసలాయన, మితభాషి. చలికి వణుకుతున్న ఈ కొత్త పిల్లాడికి మొదటిరోజే తన స్వెట్టర్ విప్పి ఇచ్చాడని వింటే, దేవుడు ఊరుకాని ఊళ్ళో మాకొక పెద్దదిక్కును చూపించాడని మోకరించి స్తుతించుకున్నాను. ఇక్కడ హాఫ్‌టైమ్‌లో ఆటగాళ్ళకి నారింజ ముక్కలు పంచడం ఆనవాయితీ. ఆ పని నేనడిగి తీసుకుని, మన అలవాటు చొప్పున ఉప్పుకారం చల్లి తీసుకెళ్ళాను. మొదటిసారి ఆ తెల్లపిల్లలు గంతులేశారు, రెండోసారి అవే కావాలన్నారు!

ఇక్కడి ఆఫీసుల్లో ఫుట్‌బాల్ రోజులొస్తే ఎవరు ఎంత తేడాతో గెలుస్తారో ఊహించి పందాలు వేసుకోవడం ఒక సరదా. అది చూసి మావారి ఆఫీసులోని మనవాళ్ళు మా మరిది మ్యాచ్‌ల మీద మొదలుపెట్టారు. మొదట ఓడినవాళ్ళు బిర్యానీ పెట్టాలన్నారు, పోనుపోను డబ్బులోకి దిగారు. అందులో అందరికంటే హుషారు, మేం అన్నయ్య అని పిలుచుకునే ఒక స్నేహితుడు. మరిది విమానం దిగిన రోజు ఎదురెళ్ళి తీసుకొచ్చి, మేం కాస్త పెద్ద ఫ్లాట్‌కి మారేదాకా నెల్లాళ్ళు తనింట్లో అన్నం పెట్టిన మనిషి.

ఇక ఫైనల్ రోజు చూడాలి! హాలు కిక్కిరిసిపోయింది, సగం ఆటకే మావాళ్ళు పద్నాలుగు పాయింట్లు ముందున్నారు, నేను సంతోషం పట్టలేక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కానీ హాఫ్‌టైమ్‌కి కాస్త ముందు నుంచి మరిది రింగు కింద ఖాళీగా నిలబడి కూడా బంతి పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు. ఒకసారి సరే, రెండోసారికి నాకు నాన్నగారి గొంతు వినిపించింది. నారింజ ముక్క అందిస్తూ, "ఏం అబ్బాయ్, ఒంట్లో బాలేదా?" అన్నాను.

"ఏం లేదు వదినా."

"నా మొహం చూసి చెప్పు."

"అన్నయ్య అడిగాడు వదినా, పదిలోపు తేడాతోనే గెలవమని. దానిమీదే పందెం కాశాడట. ఓడిపొమ్మనలేదుగా! ఆయనింట్లో అన్నం తిని కాదని ఎలా అనేది?"

"న్యూయార్క్ పిల్లలూ ఇదే అన్నారు నాన్నా. ఆయనకి కావాలంటే జన్మంతా నేను కూరలు వండి పంపిస్తాలే. నువ్వెళ్ళి కోచ్‌కి చెప్పు."

"చెప్తే టీమ్‌లోంచి పీకేస్తాడు!"

"పీకేస్తే పీకేస్తాడు. పో."

వెళ్ళాడు. కోచ్ మొత్తం విన్నాడు, చేతిలోని నారింజ ముక్క చివరిదాకా చీకాడు, "కూర్చో మేట్" అని బెంచీ చివర చూపించాడు. అంతే.

మా జట్టులో బాగా ఆడేవాడు బెంచీమీద ఉంటే ఆ పద్నాలుగు పాయింట్లు ఎండకి పెట్టిన వెన్నలా కరిగిపోయాయి. పది, ఆరు, రెండు! జనం కాళ్ళతో నేలను దడదడలాడిస్తున్నారు. నేను కళ్ళు మూసుకుని, ప్రభువా, గెలిపించమని అడగను, ఆ పిల్లవాడు లేచి వెళ్ళిపోకుండా చూడు చాలు అని ప్రార్థించాను. కళ్ళు తెరిచేసరికి వాడు నిలబడి ఉన్నాడు, వెళ్ళడానికి కాదు. తిరిగొచ్చే ప్రతివాడికీ నీళ్ళ సీసా అందిస్తూ గొంతు పోయేలా అరుస్తున్నాడు. అవతలివాళ్ళు ఒక పాయింటు ముందుకెళ్ళారు. ఆఖరి క్షణంలో మా జట్టులోకెల్లా పొట్టివాడు విసిరిన బంతి రింగు చుట్టూ తిరిగి, ఆలోచించి, ఆలోచించి లోపల పడింది!

ఒక్క పాయింటు గెలుపు. అంటే పదిలోపే! అన్నయ్య గెంతుకుంటూ వచ్చి మరిదిని వాటేసుకున్నాడు. "మాటంటే నీదిరా తమ్ముడూ!"

"నేను ఆడితేగా అన్నయ్యా. రెండో సగమంతా బెంచీ మీదున్నాను, చూళ్ళేదా?"

చూడలేదు పాపం, స్కోరుబోర్డు తప్ప ఇంకేమీ చూడలేదు. విషయం అర్థమయ్యాక మొహం ఎర్రబడి, మర్నాటి ఆదివారం జట్టు మొత్తాన్నీ పిలిచి బిర్యానీ పెట్టాడు. మళ్ళీ ఆ పందాల మాట ఎత్తలేదు. ఫైనల్ రోజున హాల్లోంచి అందరూ వెళ్ళిపోతుండగా మా మరిది బూట్లు విప్పుకుంటూ తల దించుకుని కూర్చుంటే, కోచ్ దగ్గరికొచ్చి, "మంగళవారం ప్రాక్టీసు. ఆ కారం నారింజలు కూడా తెమ్మను" అన్నాడు. ఫోన్‌లో ఇదంతా చెబితే నాన్నగారు స్కోరు అడగలేదు. కోచ్ ఒక్క మాటైనా అరిచాడా అని అడిగారు. లేదన్నాను. చాలాసేపు నవ్వారు.

ఇప్పుడా కోచ్ లేడు, నాన్నగారూ లేరు. నా మనవరాలి జట్టుకి కోచ్ మా మరిదే, ఆట మధ్యలో పెదవి విప్పడు. ఆ రోజుల్లో తప్పు చేయమని అడగడానికి కూడా ఒక మనిషి రావలసి వచ్చేది, అన్నం పెట్టిన మనిషి. కాదంటే నొచ్చుకుని, ఎర్రబడి, మళ్ళీ మనకే బిర్యానీ వడ్డించడానికి ఆయనకో మొహం ఉండేది. ఇప్పుడు పందెం కాయమని ఫోను అడుగుతుంది. దానికి ఎవరు వద్దని చెబుతారు?

నేను పక్కనున్న అబ్బాయి చేతిలో ఒక నారింజ ముక్క పెట్టాను. చూడకుండానే నోట్లో వేసుకున్నాడు, కారం నషాళానికంటి చటుక్కున తలెత్తాడు. సరిగ్గా అప్పుడే వాళ్ళ పాప వేసిన బంతి బుట్టలో పడింది, పాప తండ్రికోసమే ఇటు తిరిగింది, ఇద్దరి చూపులూ కలిశాయి. దేవుడికి వందనాలు చెప్పుకున్నాను. ఆ అబ్బాయి మళ్ళీ ఎప్పుడు తల దించాడో నేను చూడలేదు, చూడబుద్ధి కాలేదు.