పెట్రోలు మూత మీద బొట్టు

ఈసారి దసరాకి నన్ను పట్టుకుని వదలని సమస్య ఒకటే. మా పాత మోటారుసైకిలు పెట్రోలు మూత మీద బొట్టు పెట్టాలా, వద్దా? తెనాలిలో మా వీధి వాళ్ళంతా పొద్దున్నే పైపులు పట్టుకుని బండ్లు కడుక్కుంటుంటే నేనూ నా బండిని కడిగి, తుడిచి, పసుపు గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా ఈడు వాళ్ళకి చెబితే అర్థమవుతుంది గాని, కుర్రవాళ్ళకి చెబితే ముసలాయనకి మతి పోయిందంటారు. మా ఆవిడ పోయాక వచ్చిన మొదటి దసరా ఇది. ఆ బొట్టు ఎప్పుడూ ఆవిడే పెట్టేది.

బండి కొన్న రోజుల్లో నాకు రేపల్లెలో ఎరువుల డిపోలో ఉద్యోగం, రోజూ తెనాలి నుంచి వెళ్ళి వచ్చేవాణ్ణి. ఆ ఏడాది దసరాకి మా ఆవిడ హెడ్‌లైటుకీ చక్రాలకీ బొట్లు పెట్టి, పెట్రోలు మూత మీద మాత్రం చిక్కటి పసుపు ముద్ద మెత్తి, మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ అద్దింది. మర్నాటి నుంచీ బండికి ఆగే జబ్బు పట్టుకుంది. ఇంటి దగ్గర హుషారుగా బయలుదేరేది, కొంత దూరం పోయాక దగ్గి దగ్గి ఆగిపోయేది. ట్యాంకులో పెట్రోలుంది. ప్లగ్గు విప్పితే నిప్పురవ్వ బాగానే వస్తోంది. కార్బురేటరు ఊడదీసి, ఊది ఊది నా దవడలు నొప్పెట్టాయి. ఎరిగిన వాళ్ళంతా పెట్రోలులో కిరోసిన్ కలిపారని తేల్చేశారు. మెకానిక్ దగ్గరికి తోసుకుంటూ తీసుకెళితే, ఆయన ముందుగా మూత తీసి పెట్రోలు చూసి, మళ్ళీ బిగించి కిక్కు కొట్టేవాడు. బండి శుభ్రంగా స్టార్టయి నా పరువు తీసేది.

ఆ గుట్టు బయటపడింది బాపట్లలో మా అత్తగారింటికి వెళుతున్నప్పుడు. పిట్టలవానిపాలెం దాటాక వరిచేల మధ్య బండి ఆగింది. నేను విసుక్కుంటూ ప్లగ్గు విప్పే పనిలో ఉంటే, పెట్రోలుందో లేదో చూద్దామని ఆవిడ మూత తిప్పింది. సుయ్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడు. మూత మీద పసుపు గోకి చూస్తే, గాలి వెళ్ళడానికి పెట్టిన సూది బెజ్జమంత కన్నం గట్టిగా పూడిపోయి ఉంది. లోపలికి గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు, మూత తీస్తే దిగుతుంది. అదీ సంగతి. ఆవిడ తన గాజులకున్న పిన్నీసు తీసిచ్చింది, కన్నం పొడిచాను. ఇకమీదట అక్కడ బొట్టు పెట్టొద్దని గట్టిగానే చెప్పాను.

“మొహాన బొట్టు లేకుండా బండిని రోడ్డెక్కిస్తామా అండి?” అంది. ఆవిడ లెక్కలో ఆ మూతే బండికి మొహం.

అంతే, ఏటా అదే తంతు. పండగయ్యాక బాపట్ల బయలుదేరడం, ఆ దారిలోనే ఎక్కడో బండి ఆగడం, నేను కేకలెయ్యడం, ఆవిడ పిన్నీసు తియ్యడం. బండి చల్లబడాలన్న వంకతో కాలవగట్టు మీద కూర్చుని, పుట్టింటి వాళ్ళ కోసం కట్టిన జంతికల్లో సగం ఇద్దరం తినేసేవాళ్ళం. ఇంట్లో పనుల్లో పడి చెప్పుకోలేని కబుర్లన్నీ ఆవిడ అక్కడ చెప్పేది. ఇంటి దగ్గరే కన్నం తుడుచుకుని బయలుదేరవచ్చని నాకు తెలుసు, తుడిచేవాణ్ణి కాదు. ఎందుకు తుడవలేదని ఆవిడా అడిగేది కాదు.

“ఇంకా ఆ బండేంటి బాబాయ్, కొత్తది తీసుకో. ఇప్పటివి ఆగవు,” అంటాడు మా అన్నగారి అబ్బాయి. వాడు నా మంచికే చెబుతున్నాడు.

చివరికి బొట్టు పెట్టాను. ఆవిడ పెట్టినంత గుండ్రంగా రాలేదు. మర్నాడు బాపట్ల బయలుదేరాను. అక్కడ నాకిప్పుడు పనీ లేదు, పలకరించే వాళ్ళూ లేరు. అయినా బయలుదేరాను. పిట్టలవానిపాలెం దాటాక బండి నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. అటుగా వెళుతున్న ఒక కుర్రాడు బండి ఆపి, “ఏంటి తాతగారూ, పెట్రోలైపోయిందా? సీసాలో తెచ్చిమ్మంటారా?” అన్నాడు. ఉంది నాయనా, కాసేపు కూర్చుంటానన్నాను. అతను వెళ్ళిపోయాడు.

“చెబితే వినవు గదా,” అని అలవాటు కొద్దీ పైకే అనేశాను. నా కేకలు పడడానికైనా ఒక మనిషి కావాలని అప్పుడు తెలిసింది. ఆ గట్టు మీదే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఇప్పటి బండ్లు మంచివే, కాదనను. మీట నొక్కితే స్టార్టవుతాయి, అనుకున్న వేళకి చేరుస్తాయి. కానీ దారిలో ఆగిపోయి, ఇద్దరు మనుషుల్ని ఊరికే ఒకచోట కూర్చోబెట్టే గుణం వాటికి లేదు. ఆ రోజుల్లో దాన్నే జబ్బనుకుని తిట్టుకున్నాం.

కళ్ళు తుడుచుకుని, మూత కాస్త వదులుగా బిగించి, కిక్కు కొట్టాను. మొదటి దెబ్బకే స్టార్టయింది. గేరు వేసి, క్లచ్ వదలబోతూ, “ఎక్కావా?” అని అడిగాను.