గుప్పిట్లో కనకాంబరం గింజలు

మా మేనత్త కనకాంబరం గింజలు ఎవరికీ ఊరికే ఇచ్చేది కాదు. అడగవచ్చిన పిల్ల అరచేతిలో ఎండిన కంకి పెట్టి, చెంబులో వేలు ముంచి దాని మీద ఒక్క చుక్క వేసేది.

"గుప్పిట విప్పకు బిడ్డా, జర ఓపిక పట్టు" అనేది.

తడి తగిలిన కాయలు చిటుక్కున పగిలి, గింజలు గుప్పిట్లోనే చిందేవి. ఆ గిలిగింతకు పిల్ల నవ్వితేగాని అత్తకు తృప్తి ఉండేది కాదు. ఇంత తతంగమెందుకని మా అమ్మ విసుక్కునేది.

ఊళ్ల మీద దాడులు జరుగుతున్న గడబిడ రోజుల్లో హుజూర్‌నగర్ పక్కనున్న మా ఊరు విడిచి, పుట్టెక్కి కృష్ణ దాటాం. అందరూ బియ్యం మూట కట్టుకుంటే, అత్త కొంగున ఎండు కంకులు ముడివేసుకుంది. పుట్టిలోకి నీళ్లెగసి కొంగు తడిసింది. ముడిలో కాయలు పగులుతుంటే, ఒడ్డు చేరేదాకా దాన్ని రెండు చేతులా పట్టుకునే కూర్చుంది.

తలదాచుకున్న చుట్టాలింటి పెరట్లో ఆ గింజలు చల్లింది. ఊళ్లు సద్దుమణిగి మేం బయల్దేరే నాటికి మొక్కలింకా జానెడు కాలేదు.

"వీటిని ఇడిసిపెట్టి ఎట్లొస్త? గింజ చేతికొచ్చినంక వస్త, మీరు పోండ్రి" అంది.

"ఇంటికాడ మళ్ల పెట్టుకుందువు, రా అక్కా" అన్నాడు నాయిన.

"ఏ గింజతోని పెట్టుకోవాలె తమ్ముడా?"

నాయిన మూట భుజానికెత్తుకున్నాడు. మేం వచ్చేశాం.

గింజ చేతికి రాకముందే అత్త జ్వరంతో అక్కడే పోయింది. దినాలకు వెళ్లేసరికి మొక్కలు విరగబూసి, కింది కంకులు ఎండి ఉన్నాయి. తెంపుదామని నాయిన వంగేలోగా వాన పడింది. కాయలన్నీ చిటపటమని పగిలి గింజలు బురదలో కలిశాయి.

నాయిన వానలోనే నిలబడి ఖాళీ గుప్పిట మూశాడు. చాలాసేపు విప్పలేదు.