బాబాయికి బదులు స్టార్టర్

ఎయిర్‌స్ట్రిప్ దగ్గర మా బాబాయిని అందరూ ‘స్టార్టర్’ అనే పిలుస్తారు. ఆయన కార్ల ఎలక్ట్రీషియన్. పిన్ని నడిపే రెండు సీట్ల చెక్క విమానానికి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయడం కూడా ఆయన పనే. తిరిగే ప్రొపెల్లర్ దాటి వచ్చి ఎక్కుతానంటే పిన్ని ఒప్పుకోదు. అందుకే ఆయన ఎప్పుడూ నేల మీదే ఉండిపోయేవాడు.

ఈ మధ్య ఆయన భుజం పట్టేసింది. బటన్ నొక్కితే ఇంజిన్‌ను తిప్పే మోటారు స్టార్టర్ పెడదామని పిన్నే అంది. సరేనన్నాడు గానీ, బాబాయి మొహం మాడిపోయింది. అది వస్తే విమానం దగ్గర తనకిక పనేముంటుంది? కూర్చున్న కొమ్మను తనే నరుక్కోవాలి.

అయినా చేతికో కొత్త వస్తువు దొరికితే ఆయనకు దిగులు గుర్తుండదు. ముందు పాత కారు స్టార్టర్ తెచ్చాడు. బరువెక్కువంది పిన్ని. ఆఖరికి ఒంటిచేత్తో ఎత్తగలిగేది దొరికింది. ఇంత చిన్నది అంత ఇంజిన్‌ను ఎలా తిప్పుతుందా అని విప్పి చూశాడు. లోపలి మోటారు గిరగిరా తిరుగుతుంటే పళ్లచక్రాలు ఆ వేగాన్ని తగ్గించి బలంగా మారుస్తున్నాయి. పిట్ట కొంచెం కూత ఘనం అంటూ నన్ను పిలిచి మరీ చూపించాడు.

బ్యాటరీని తోకలో పెట్టి, లావుపాటి వైరొకటి ముందుకు లాగాడు. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ అన్నం మానేశాడు. మర్నాడు టెస్టర్‌తో వెతికితే నవ్వొచ్చింది. కారుకైతే ఇనుప బాడీయే కరెంటును బ్యాటరీకి తిరిగి చేరుస్తుంది. చెక్కకు ఆ గుణమెక్కడిది? అలవాటైన చెయ్యి ఆ సంగతి మరిచిపోయింది.

తోకదాకా రెండో వైరు వేస్తే బరువు పెరుగుతుందని పిన్ని ససేమిరా అంది. బాబాయికి ఒళ్లు మండింది. చివరికి బ్యాటరీనే ఇంజిన్ వెనక్కి తెచ్చాడు. రెండు వైర్లూ పొట్టివైపోయాయి. ముక్కు బరువైందేమోనని తూచి చూశారు. స్టార్టర్ తేలికది కాబట్టి సరిపోయింది.

ఆదివారం పిన్ని బటన్ నొక్కగానే ఇంజిన్ అందుకుంది. బాబాయి చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నాకు జాలేసింది. పిన్ని ఇంజిన్ ఆపేసి తలుపు తెరిచింది.

“అక్కడేం చేస్తున్నారు? వచ్చి ఎక్కండి.”

“నేనెందుకు? ఇక నాతో పనేముంది?”

“వైర్ల దగ్గర అంత పీనాసితనం చేసింది మీ బరువు పట్టాలనే. ముందే చెబితే ఏదో వంక పెట్టేవారు.”

బాబాయి కళ్లు తుడుచుకుని ఎక్కాడు. జీవితమంతా కార్లలో బతికిన మనిషికి ఆ సీటు బెల్టు పెట్టుకోవడం చేతకాలేదు. పిన్నే వంగి బిగించింది.