ఒకటిన్నర సుట్టు

ఎడమ మణికట్టు కట్టు విప్పి నెల దాటినా మా నాయన జీపు ఎక్కలేదు. ఇరవై ఏళ్లుగా తిరుమల ఘాట్‌లో భక్తులను ఎక్కించి దించిన మనిషి. ఆ చెయ్యి విరిగింది ఘాట్‌లో కూడా కాదు, మిద్దె మీద నీళ్ల తొట్టి కడుగుతూ జారిపడితే. ఎముక అతికింది, నడపొచ్చని డాక్టరు చెప్పాడు. ఆయన ధైర్యం మాత్రం అతకలేదు. రేపటి నుంచి వస్తాడో రాడో సాయంత్రంలోగా చెప్పకపోతే వేరే డ్రైవర్ని పెట్టుకుంటానని ఆ రోజు పొద్దున్నే జీపు ఓనరు కబురు పంపాడు.

బస్టాండు పక్క సందులో అప్పట్లో నాకొక నెట్ సెంటరు ఉండేది. కంప్యూటర్లో ఆడే కార్ల ఆటల కోసం చెన్నై నుంచి ఒక పాత స్టీరింగు తెచ్చి బల్లకు బిగించాను. రెండున్నర చుట్ల లోపు దాన్ని ఎన్ని డిగ్రీలు తిరిగేలా కావాలంటే అలా పెట్టుకోవచ్చు. నా తెలివి మీద నాకు ఎప్పుడూ నమ్మకం ఎక్కువే. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ నాయన్ని పిలుచుకొచ్చి కూర్చోబెట్టాను.

"నీ జీపు స్టీరింగు ఎన్ని సుట్లు తిరగతాది నాయనా?"

"ఒకటిన్నర సుట్టు."

ఒకటిన్నర చుట్టంటే ఐదువందల నలభై డిగ్రీలు. అంతే పెట్టాను. కొండదారి ఒకటి, పాత కారొకటి ఎంచి ఇచ్చాను.

మొదటి మలుపులోనే కారు గోడను గుద్దింది. రెండోసారి లోయలో పడింది. మూడోసారి ఆయన మెల్లగా, ఒళ్లంతా బిగబట్టుకుని తిప్పాడు. అయినా కారు ముందే తిరిగిపోయి రాళ్లను రాసుకుంది. ఆయన మెడ మీద చెమట కనిపిస్తోంది. ఎడమ చేతిని తీసి తొడ మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. అలవాటైతే వస్తుందిలే అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

"ఈడ పడితే నవ్వుకుంటాం. ఆడ నా యెనకాల పదిమంది కూసోనుంటారు" అన్నాడు.

నాలుగోసారీ లోయే. ఇక రానని ఓనరుకు చెప్పేయడానికి ఆయన లేచి నా బల్ల మీది ఫోను దగ్గరికి పోయాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, నేను చేసిందదే. ధైర్యం ఇద్దామని తెచ్చి మిగిలిన కాస్తా ఊడ్చేశాను. నా మీద నాకు ఒళ్లు మండింది.

ఏం చేయాలో తోచక ఆయన కుర్చీలో కూర్చుని స్టీరింగు అర చుట్టు తిప్పాను. తెర మీద, కారు లోపలి బొమ్మ స్టీరింగు దాదాపు చుట్టంతా తిరిగింది. మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే. చేతిలోది ఒక లెక్క, తెర మీదిది ఒక లెక్క.

వెనక నాయన అంకెలు నొక్కుతున్నాడు. అవతల ఫోను మోగుతున్నట్టుంది.

"అప్పా, నేను..." అని ఆయన మొదలుపెట్టేసరికి నేను వెళ్లి ఫోను మీట నొక్కేశాను. పుట్టిన తర్వాత ఆయన మాటకు అడ్డం పోవడం అదే మొదలు. చెంప పగులుతుందనే అనుకున్నాను.

"ఒకటిన్నర సుట్టు యాడ్నుంచి నాయనా? ఈ కొన నుంచి ఆ కొనకా, మద్దెలో నుంచా?"

నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "మద్దెలో నుంచే. ఈ పక్కకు ఒకటిన్నర, ఆ పక్కకు ఒకటిన్నర. సక్రాలు నేరుగా పెట్టుకోకుండా యెవుడన్నా లెక్కేస్తాడా?"

కొన నుంచి కొనకు మూడు చుట్లు. నేను పెట్టింది రెండు పక్కలకూ కలిపి ఒకటిన్నర. ఆయన జీవితమంతా నడిపిన లెక్కలో సగమిచ్చి, నడపలేకపోతున్నాడని చూస్తూ కూర్చున్నాను. మా స్టీరింగు రెండున్నర చుట్లకు మించి తిరగదు. ఆటలో ఆ కారుదీ అంతే. రెండున్నరకు పెట్టాను. "తప్పు నాది నాయనా, నీ సెయ్యిది కాదు. ఇంగొక్కసారి" అని బతిమాలాను.

కూర్చున్నాడు. మొదటి మలుపు వచ్చింది. చేతులు ఒకదాని మీదుగా ఒకటి మారాయి, కారు గోడ పక్కగా ఒద్దికగా తిరిగింది. రెండోది. మూడోది మరీ ఇరుకు. అక్కడ ఆయన ఎడమ చెయ్యి దానంతటదే స్టీరింగు వదిలి, గేరు రాడ్డు లేని ఖాళీ గాలిలో గేరు తగ్గించింది.

ఆయన ఆ చేతిని చూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కారును దారి మధ్యలోనే వదిలేసి లేచి, మళ్లీ ఫోను తీశాడు.

"ఇందాక కట్టయిపోయిందప్పా. రేపు పొద్దున్నే వస్తాండా. బండి తుడిపించి పెట్టు."

ఫోను పెట్టి గడప దాకా పోయి ఆగాడు. "ఒరే అబ్బోడా, డ్రైవర్ని అడిగేటప్పుడు యాడ్నుంచో అడగల్ల" అన్నాడు. చెప్పులేసుకుంటూ, "ఇందాక నేను భయపడిన సంగతి మీయమ్మకు సెప్పొద్దు" అన్నాడు.