విశ్వనాథానికి రాని ఇంగ్లిష్

ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకే తల కొట్టేసినట్టవుతుంది. అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలో కొత్తగా దిగిన మన పిల్లలకు ఇంటర్వ్యూల్లో ఎలా మాట్లాడాలో నేర్పేది మా విశ్వనాథమే. శనివారం వస్తే చాలు, బేస్‌మెంట్‌లో అందరినీ కూర్చోబెట్టి, "ఇంగ్లిష్‌కి భయపడకండ్రా" అని వాయించేవాడు. అంతటి మనిషి 2008లో అమెరికా పౌరుడయ్యాడు. మరుసటి ఏడే జ్యూరీకి, అంటే కేసు విని తీర్పు చెప్పే పౌరుల్లో ఒకడిగా కూర్చోవడానికి, రమ్మని కోర్టు నుంచి పిలుపొచ్చింది.

ఆఫీసులో చూస్తే ఊపిరాడని పని. మిత్రుడు శ్రీధర్ ఉపాయం చెప్పాడు.

"అన్నా, ఇంగ్లిష్ రాదని చెప్పెయ్. ఇంటికి పంపిస్తరు. నేనట్లనే తప్పించుకున్న."

మనవాళ్ళ సిగ్గులేని తెలివి ఇది. పౌరసత్వం పరీక్ష ఇంగ్లిష్‌లోనే పాసయ్యామన్నది అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

అట్లాంటా కోర్టులో పొద్దుటంతా హాల్లో కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో డెలోరిస్ అనే నల్లజాతి పెద్దావిడ, చర్చికి పెట్టుకునే టోపీతో వచ్చింది. విశ్వనాథం నోరు ఊరుకోదు కదా! పిల్లల చదువులు, ట్రాఫిక్కు, ఇంటి ముందు గడ్డి, అన్నీ గుక్కతిప్పుకోకుండా ఇంగ్లిష్‌లో చెప్పాడు. ఆవిడ నవ్వుతూ వింది.

"ఇంత ముస్తాబు దేనికండీ?" అని కూడా అడిగాడు.

"మా నాన్న కాలంలో మమ్మల్ని జ్యూరీలో కూర్చోనిచ్చేవారు కాదు నాయనా. మావాళ్ళ మీద కేసులన్నీ తెల్లవాళ్ళే తేల్చేవారు. మా పేర్లూ పిలవమని అడిగినందుకు మా నాన్న ఉద్యోగం ఊడగొట్టారు. ఇవాళ నా పేరు పిలిచారు."

అది విన్నా విశ్వనాథం బుద్ధి మారలేదు.

ఇద్దరినీ కోర్టు గదిలోకి పిలిచారు. లోపల కొట్లాట కేసు. ముద్దాయి నల్లజాతి యువకుడు. తన బతుకు ఎవరి చేతుల్లో పడుతుందోనని వచ్చినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. జ్యూరీలో కూర్చోడానికి ఎవరికైనా ఇబ్బందా అని జడ్జి అడగ్గానే విశ్వనాథం లేచి, "ఐ... నో గుడ్ ఇంగ్లిష్" అన్నాడు. పక్కన డెలోరిస్ ఉందన్న సంగతి అనేశాక గుర్తొచ్చింది. చెవులు మండిపోయాయి. ఆవిడ లేచి నిజం చెప్పేస్తే బాగుండునని కూడా అనిపించిందట. ఆవిడ చెప్పలేదు. జడ్జి వెళ్ళిపొమ్మన్నాడు.

బయటికి పోవాలంటే ఆవిడ ముందునుంచే పోవాలి. తల వంచుకుని "సారీ" అని గొణిగాడు. డెలోరిస్ కాళ్ళు పక్కకు జరుపుకుని దారిచ్చింది. తర్వాత, భాష రానివాళ్ళకు చెప్పినట్టు, చేత్తో తలుపు చూపిస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా, "డోర్... దట్... వే" అంది.