ఇంద్రావతి మీద ఎర్ర చుక్క

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. గనుల టౌన్‌షిప్‌లో పరికరాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మీటరు ముల్లు కదిలిందంటే వెనుక ఏదో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి డైరీ రాస్తున్నాను. కారణం దొరకని సంగతి అందులో ఒక్కటే ఉంది.

ఇప్పుడు నేనుండేది ఇంద్రావతి నది దగ్గర, భోపాలపట్నంలో. మా చెల్లెలి కూతురు సుజాత ప్లాస్టిక్ దారాల మీద పరిశోధన చేస్తుంది. మందపాటి అక్రిలిక్ కడ్డీని కొలిమిలో మెత్తబరిచి, తీగపాకంలా కిందికి లాగుతారు. సన్నని, తేటగా ఉండే దారం వస్తుంది. ఒక చివర దీపం పెడితే వెలుగు ఆ దారం ఒంపులన్నీ తిరిగి రెండో చివర చుక్కై కనిపిస్తుంది. మొదటిసారి చేతికిచ్చినప్పుడు వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టి చూశాను. వెలుగు పోలేదు. మా కాలంలో ఇలాంటిది ఉంటే ఎన్ని ప్రమాదాలు తప్పేవో అనిపించింది.

ఒకసారి ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు ఇంద్రావతి రేవుకు తీసుకెళ్లాను. అక్కడ పడవ నడిపే పోశయ్య వాళ్ల అన్న, రాజయ్య, ఆ నదిలోనే పోయాడు. అతని చెక్కపడవ అడుగు లోపల ఎప్పుడు చీలిందో ఎవరికీ తెలియలేదు. నడి నదిలో రెండుగా విడిపోయింది. సుజాత ఆ కథ విని వెళ్లిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు ఒక పడవతో వచ్చింది.

బలమైన ప్లాస్టిక్ నారల గుడ్డను పొరలు పొరలుగా రెసిన్ జిగురులో తడిపి గట్టిపరచిన పడవ అది. ఇద్దరు భుజాన ఎత్తుకుని నడవొచ్చు. అడుగున పొరల మధ్య ఆ వెలుగు దారం వేసింది. ముందు కొమ్ము దగ్గర ఒక మూసిన పెట్టెలో బ్యాటరీ సెల్లులు, చిన్న ఎర్ర దీపం. దారం రెండో చివర, వెనుక కూర్చుని నడిపేవాడి మోకాలి దగ్గర. అడుగున పగులు మొదలైతే దారం నలుగుతుంది, చుక్క మసకబారుతుంది. అప్పుడు వెనక్కి తిప్పాలి. అంతే నియమం.

పోశయ్య పడవను ఒంటి చేత్తో ఊపి చూశాడు. "ఏంది మేడమ్, ఇది పడవనా, పెండ్లిల ఇచ్చే ప్లాస్టిక్ బొచ్చెనా?" అన్నాడు. ఇసుక బస్తాలతో కొన్నాళ్లు నడిపాక మాత్రం దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. సాయంత్రం ప్రయోగం అయ్యాక సెల్లులు తీసి నా చొక్కా జేబులో వేసుకునేవాణ్ని. పక్కన పెట్టే పరికరంలో సెల్లులు ఉంచకూడదన్నది నా పాత అలవాటు. పొద్దున నేనే తిరిగి వేసేవాణ్ని.

మనుషులతో మొదటి ప్రయాణం సంత రోజున, పట్టపగలు. పోశయ్య ఇంట్లో ఒక ఆచారం ఉంది. నదిలో పోయినవాడి ఇంటి మనిషి చేయి పడనిదే కొత్త పడవ ఎవరినీ ఎక్కించుకోదు. రాజయ్య భార్య లచ్చమ్మ వచ్చి కొబ్బరికాయ కొట్టింది. దీపం పెట్టె మీద అరచేయి ఆనించింది. "ఏమయ్యా, నీ తమ్ముడు పోతున్నడు. ఆడోళ్లు ఎక్కుతున్నరు. జర సూస్కో" అంది, ఇంట్లో భర్తకు పని చెప్పినట్టు.

సుజాత స్విచ్ వేసింది. "ఒచ్చింది మేడమ్!" అని పోశయ్య వెనక నుంచి అరిచాడు. నేను కూడా వంగి చూశాను. ఎర్ర చుక్క నిలకడగా ఉంది.

సంతకు పోయే ఆడవాళ్లు ఎక్కారు. నేనూ సుజాతా ఒడ్డున నిలబడ్డాం. నడి నదికి ఇంకా కొంత దూరం ఉండగానే పడవ వెనక్కి తిరిగింది. ఆడవాళ్ల గొంతులు మా దాకా వినిపిస్తున్నాయి.

"ఏంది బావా, ఇంట్ల అక్క యాదికొచ్చిందా?"

"సుక్క సన్నగైతుంది. మూస్కొని కూసో."

"సంత అయిపోతది గద బావా!"

"సంత మల్లొస్తది."

అందరూ దిగాక పడవను బోర్లించాం. పైకి గీత కూడా లేదు. సుజాత బొటనవేలితో అడుగంతా నొక్కుకుంటూ వెళ్లి ఒకచోట ఆగిపోయింది. అక్కడ లోపలి పొర వదులై కదులుతోంది. ఇసుక బస్తాలు పడేసినప్పుడు దెబ్బ తగిలినట్టుంది. ముందున్న రాళ్ల మధ్య వడి నీళ్లలోకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో పోశయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పడవ పక్కనే ఇసుకలో కూలబడ్డాడు.

"మామయ్యా, దారం పనిచేసింది" అంది సుజాత. కళ్లనిండా నీళ్లు. కళ్లద్దాలు తుడుచుకుందామని నేను రుమాలు కోసం జేబులో చేయి పెట్టాను. చేతికి సెల్లులు తగిలాయి.

పెట్టె విప్పాం. ఖాళీ. సంత హడావిడిలో నేను వేయనే లేదు. సుజాత దగ్గర వేరే సెల్లులు లేవు.

పొర వదులైన చోట ఎండ దారంలోకి దూరి ఉండొచ్చని మొదట అనుకున్నాం. అలాగైతే పొర వదులయ్యేకొద్దీ చుక్క ఇంకా ప్రకాశించాలి, మసకబారకూడదు. మర్నాడు అదే వేళకు, అదే చోట, ఖాళీ పెట్టెతో స్విచ్ వేసి చూశాం. దారం చివర చీకటి. లచ్చమ్మను పిలిచి పెట్టె మీద చేయి కూడా పెట్టించాను. అప్పుడూ చీకటే. నేను చేస్తున్న పనికి ఆమె నవ్వింది. "ఇయ్యాల ఎవలూ ఎక్కలేదు గద సారూ" అని వెళ్లిపోయింది.

తన రిపోర్టులో సెల్లుల సంగతి ఎలా రాయాలో సుజాతకు తోచలేదు. చివరికి ఆ రోజు ప్రయాణాన్ని ప్రయోగాల లెక్కలోంచే తీసేసింది. అడుగు మందం పెంచి రెండో పడవ చేసింది. ఇప్పుడు రేవులో తిరిగేది అదే. దాన్ని చూసిన ప్రతిసారీ మా పిల్ల చేసిందని గర్వంగా ఉంటుంది.

రోజూ పొద్దున సెల్లులు నేనే వేస్తాను. చుక్క వెలుగుతుంది. ఎందుకు వెలిగిందో నాకు తెలుసు. అయినా ఒకసారి జేబు తడుముకుంటాను. ఆ రోజు ఎందుకు వెలిగిందో మాత్రం ఇప్పటికీ తెలియదు.